ముందు కాళ్లు చూడు

గడియ తీసిన చప్పుడు. ముందు సైస్, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, బయటికొస్తాడు, అతని భుజం వెనకే గుర్రం. అది పూర్తిగా ఎండలోకి రాకముందే మీ చూపు దాని మొహం మీదికి పోతుంది. నుదుట తెల్లటి చుక్క. గోధుమరంగు ఒళ్లు, నల్ల జూలు, నల్ల తోక. రేసువాళ్లు ఈ రంగును ‘బే’ అంటారు. రెండేళ్ల కోల్ట్, అంటే మగపిల్ల. నాలుగు వందల కిలోల పైమాటే, ఇంకా ఎదుగుతోంది. పొద్దున్నే మాలీష్ చేసినట్టున్నారు, తుంటి మీద ఎండ జారిపోతోంది. మీకు అప్పుడే నచ్చేసింది.

“మొకం తర్వాత సూద్దువు తియ్ తమ్మీ,” అంటాడు పక్కనున్న మలక్‌పేట ట్రైనర్. “కిందికెళ్లి మీదికి సూడాలె. ముందుగాల కాళ్లు.”

ఫిబ్రవరి ఉదయం, ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సు. హాజీ అలీ వైపు నుంచి ఉప్పగాలి వీస్తోంది. స్టేషన్ దిక్కున లోకల్ రైలు మోత. వేలం మధ్యాహ్నం. అంతదాకా నచ్చిన గుర్రాన్ని బయటికి తెప్పించుకుని చూడొచ్చు. మీ చేతిలో కేటలాగు ఉంది, జేబులో ముగ్గురు స్నేహితులు కలిసి అనుకున్న అంకె ఉంది: 12 లక్షలు, ఆపైన పైసా లేదు. ఇన్నాళ్లూ మలక్‌పేటలో కంచెకు ఇవతల నిలబడి ఎవరివో గుర్రాల మీద అరిచారు. అక్కడ ప్రతి గుర్రానికీ ఒక చిట్టా ఉంటుంది: ఎన్ని రేసులు, ఎంత టైము, ఎవరు జాకీ. ఇక్కడున్నవాటిలో ఒక్కటీ ఇంకా రేసు పరిగెత్తలేదు. కాగితం మీద తండ్రి పేరు, తల్లి పేరు, ఆ తల్లి కన్న పిల్లలు గెలిచిన రేసులు ఉంటాయి. అవి ఇక్కడికొచ్చిన అందరూ చదివినవే, అందుకే ధరలో అప్పటికే కలిసిపోయి ఉంటాయి. మిగిలింది మీ కళ్లు.

కిందికి చూడండి. గిట్టల దగ్గర మొదలుపెట్టండి. ముందు గిట్టలు రెండూ ఒకే కొలత ఉన్నాయా? ఒకటి ఇరుకుగా, నిటారుగా ఉంటే ఆ కాలి మీద ఎన్నాళ్లుగానో బరువు మోపడం లేదని అనుమానించాలి. ఈ కోల్ట్‌వి రెండూ జోడు. గిట్టకీ చీలమండకీ మధ్య ఏటవాలుగా ఓ చిన్న భాగం ఉంటుంది. పరుగులో నేల నుంచి వచ్చే అదురు చాలావరకు అక్కడ ఆగాలి. అది మరీ నిటారుగా ఉంటే దెబ్బ నేరుగా ఎముకల్లోకి ఎక్కుతుంది. మరీ పొడుగ్గా, వాలిపోయి ఉంటే వెనకనున్న స్నాయువు మీద లాగుడు పెరుగుతుంది. దీనిది మధ్యస్థంగా ఉంది. బాగుంది.

“చెయ్యి పెట్టి సూడు,” అంటాడు ట్రైనర్.

ఎడమ భుజం పక్కనుంచి వెళ్లండి. గుర్రం కళ్లు తలకు పక్కల్లో ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, నుదుటికి సరిగ్గా ముందు కాస్తంత, తోక వెనక కాస్తంత తప్ప. ఆ రెండు చోట్ల నుంచి వచ్చిన చెయ్యి దానికి ఎక్కడినుంచో ఊడిపడ్డ చెయ్యి. మెడ మీద అరచెయ్యి ఆనించండి. వెచ్చగా ఉంది, చర్మం కింద సన్నని వణుకు. అలాగే భుజం మీదుగా, మోకాలి మీదుగా కిందికి జార్చండి. మోకాలు దాటగానే మెత్తదనం మాయం. అక్కడినుంచి కిందికి కండ అన్నదే లేదు. ఎముక, దాని వెనక బిగువైన స్నాయువు, పైన పలచటి చర్మం. అంతే. వేళ్ల మధ్య స్నాయువును పట్టుకుని పైనుంచి కిందికి రండి. ఎక్కడైనా ఉబ్బు తగిలిందా? వేడి ఉందా? ఇప్పుడు కుడికాలు. రెండూ ఒకేలా చల్లగా ఉన్నాయా? సంతలో కోడెను కొనే రైతు తడిమినట్టే ఇదీ. నోటితో పనిలేదు, చేతులు చెబుతాయి.

చల్లగానే ఉన్నాయి. మీ మనసు కుదుటపడుతుంది. ఇంకా అయిపోలేదు.

పది అడుగులు పక్కకు జరిగి ముందుకాలిని పక్కనుంచి చూడండి. మోచేతి నుంచి చీలమండ దాకా మనసులో ఒక నిలువుగీత గీసుకోండి. మోకాలు ఆ గీత మీద ఉండాలి, పిసరంత ముందుకు ఉన్నా సర్దుకోవచ్చు. ఈ కోల్ట్ మోకాలు గీతకు వెనక ఉంది. ఎంత? వేలెడంత కూడా లేదు. నిలబడ్డ తీరు వల్లేమో.

“భయ్యా, జరా ఏక్ కదమ్ ఆగే,” అంటాడు ట్రైనర్ సైస్‌తో.

గుర్రం ఒక అడుగు వేసి మళ్లీ నిలబడుతుంది. మోకాలు మళ్లీ వెనక్కే.

ఇంత చిన్నదానికి ఏమవుతుందని మీకు అనిపిస్తుంది. నిలబడ్డప్పుడు ఏమీ కాదు. పరుగులో ప్రతి అంగకూ ఒక క్షణం గుర్రం మొత్తం ఒకే ఒక్క ముందుకాలి మీద ఉంటుంది. ఆ క్షణాన ఆ కాలి మీద పడే భారం ఒంటి బరువుకు రెండున్నర రెట్ల దాకా పోతుంది. అంటే దగ్గర దగ్గర వెయ్యి కిలోలు. అలాంటి అంగలు సెకనుకు రెండు పైచిలుకు. మామూలు మోకాలే ఆ భారానికి కాస్త వెనక్కి వంగుతుంది. ముందే వెనక్కి ఉన్నది ఇంకాస్త వంగుతుంది. లోపలున్న చిన్న ఎముకల ముందంచులు ఒకదానికొకటి ఒరుసుకుని నలిగి, పెచ్చులు ఊడే ప్రమాదం ఉంది. పైగా ఇది రెండేళ్ల పిల్ల. మోకాలికి పైనున్న ఎముక చివర ఇంకా పూర్తిగా ముదిరి ఉండదు.

“జాన్ హెన్రీకి కూడా ఇలాంటి మోకాళ్లే కదన్నా,” అంటారు మీరు. చదివింది వదలబుద్ధి కాదు. 1976లో అమెరికాలో 1,100 డాలర్లకు అమ్ముడుపోయిన గుర్రం అది. మోకాళ్లు వెనక్కి, గుణం కోపిష్టిది. తొమ్మిదేళ్ల వయసు దాకా పరిగెత్తి 65 లక్షల డాలర్లకు పైగా గెలిచింది.

“వేలల్ల ఒకటి గట్ల ఎల్తది. గా ఒక్కదాని పేరు నీకెర్కే. అసుంటి మోకాళ్లతోటి మూలకు పడ్డవాటి పేర్లు రెండు చెప్పు మరి?”

మీ దగ్గర జవాబు లేదు.

“ఏ లోపం లేని గుర్రం నీ పన్నెండు లక్షలకు రాదు తమ్మీ. వచ్చిందంటే మనకు కనిపిస్తలేదన్నట్టు. ఏ లోపంతోని మనం ఏగగల్గుతమో గదే సూస్కోవాలె.”

ఇక పైకి రండి. భుజం ఎముక వాలుగా ఉంటే ముందుకాలు దూరం చాచగలదు. దీనిది చక్కగా వాలింది. మోచేతుల వెనక, జీను పట్టీ బిగించే చోట ఛాతీ లోతు చూడండి. ఊపిరితిత్తులూ గుండే ఉండేది అక్కడే. నడుము పొట్టిగా ఉంది, తుంటి పొడుగ్గా ఉంది, తొడ కండ కిందిదాకా దిగింది. గుర్రాన్ని ముందుకు నెట్టేది ఈ వెనక భాగం. ఇక్కడ ఎక్కువసేపు నిలబడకండి. బాగా మేపి, నున్నగా మాలీష్ చేసి వేలానికి తెచ్చిన పిల్లలన్నీ పైభాగంలో ముచ్చటగానే ఉంటాయి. కొవ్వు చాలా లోపాలను కప్పుతుంది. మోకాలి కింద మాత్రం కొవ్వు పట్టదు. కేటలాగు ఫొటోలను కూడా నమ్మొద్దు. ఏ కాలు ఎక్కడ పెట్టి తీస్తే ఏ వంక దాగుతుందో తీసేవాడికి బాగా తెలుసు.

మీ వెనక తెల్లచొక్కా పెద్దాయన ఒకరు కోల్ట్ నుదుటి కేసి, తర్వాత మెడ కేసి తదేకంగా చూస్తుంటారు. సుడులు చూస్తున్నారు. నవ్వకండి. గుర్రం లక్షణాల మీద మన మనుమంచిభట్టు ‘హయలక్షణవిలాసం’ అని ఒక గ్రంథమే రాశాడు. శుభమైన సుడి, అశుభమైన సుడి అనే లెక్క మనవాళ్లలో ఇప్పటికీ పోలేదు. నన్నడిగితే సుడిని బట్టి గెలుపోటములు తేలవు గానీ, సుడులు పనికిరానివేం కాదు. ఏ రెండు గుర్రాల సుడులూ అచ్చంగా ఒకేచోట ఉండవు. అందుకే రేసుగుర్రం పాస్‌పోర్టులో బొమ్మగీసి మరీ వాటిని గుర్తిస్తారు. పెద్దాయన తల అడ్డంగా ఊపి వెళ్లిపోతారు. ఏం చూశారో చెప్పరు.

“చలావ్ భయ్యా,” అంటాడు ట్రైనర్.

నిలబడ్డ గుర్రం దాచింది నడిచే గుర్రం బయటపెడుతుంది. మీరు దారి మధ్యలో నిలబడండి. కోల్ట్ మీకు దూరంగా నడుస్తోంది. వెనక కాళ్లు సూటిగా పడుతున్నాయి, తుంటి రెండు వైపులా ఒకే ఎత్తున లేచి దిగుతోంది. ఒక్క క్షణం కళ్లు మూసుకోండి. గట్టి నేల మీద గిట్టల చప్పుడు: టక్, టక్, టక్, టక్. నాలుగు దెబ్బలూ ఒకే ఎడంతో వినిపించాలి. ఒకటి తేలిపోయి, దాని తర్వాతిది బరువుగా పడితే ఎక్కడో నొప్పి ఉందన్నమాట. ఇది తాళం తప్పడం లేదు. తల కిందికి వదిలి, మెడ ఊపుకుంటూ, తొందర లేకుండా నడుస్తోంది. వెనక గిట్ట ముందు గిట్ట వేసిన గుర్తును దాటి పడుతోంది. పరుగులో ఎంత దూరం అంగ వేయగలదో నడకలోనే కాస్త తెలుస్తుందంటారు, అందుకే కొనేవాళ్లంతా ఆ ఎడం కొలుస్తారు. మోకాలి సంగతి మీ మనసులో అప్పుడే పలచబడుతోంది. అంత అందమైన నడక అది.

సైస్ చివరిదాకా పోయి మలుపు తీసుకుంటాడు. ఇప్పుడు మీకు ఎదురుగా వస్తోంది. కాళ్లు సూటిగా పడుతున్నాయా అని చూడాలంటే మీరు ఇక్కడే నిలబడాలి. ఇరవై అడుగులు. చెవులు ముందుకి. పదిహేను.

గాలి లేస్తుంది.

షెడ్డు పక్కన పందిరికి కట్టిన నీలం ప్లాస్టిక్ పట్టా ఒక మూల ఊడుతుంది. ఫట్.

కోల్ట్ ఆగిపోయింది. తల పైకి. కంట్లో తెల్లగుడ్డు. ముక్కుపుటాలు పెద్దవై, లోపల ఎరుపు.

ఫట్.

లేచింది. ముందుకాళ్లు గాల్లో. ఇందాక మీరు తడిమిన గిట్టలు ఇప్పుడు మీ తల ఎత్తున. సైస్ పగ్గం వదులు చేస్తాడు. లాగకూడదు. లాగితే వెనక్కి పడుతుంది. నడుము విరుగుతుంది.

“పక్కకు!”

ఎటు? వెనక్కి వద్దు. సైస్ ఉన్న వైపు. కదలండి. ఒక అంగ. ఇంకొకటి.

గిట్టలు దిగాయి. మీరు నిలబడ్డ చోటే. దుమ్ము. చేతిలో కేటలాగు లేదు. అది గుర్రం కాళ్ల కింద ఉంది.

గుండె దడ తగ్గేదాకా ఆగొద్దు. ఇప్పుడే చూడండి. ఈ చూపు మళ్లీ దొరకదు.

బెదరని గుర్రం ఉండదు. వేటాడే జంతువుల నుంచి పారిపోయి బతికిన జాతి అది. ముందు పరుగు, తర్వాతే ఆలోచన. తెలుసుకోవాల్సింది అది ఎంతసేపటికి మామూలవుతుందో. పట్టా ఇంకా కొట్టుకుంటూనే ఉంది. కోల్ట్ సైస్ చుట్టూ గిరగిరా తిరుగుతోంది. వెనక భాగం విసురుగా ఊగుతోంది, దగ్గరున్నవాళ్లు తప్పుకుంటున్నారు. మెడ మీద చెమట, తొడల మధ్య తెల్లటి నురగ. సైస్ ఏదో చెబుతున్నాడు, దాని చెవులు అతని వైపు తిరగడం లేదు. సకిలిస్తుంది. మళ్లీ లేవబోతుంది. ఇంకో సైస్ పరుగున వస్తాడు. పట్టాను ఎవరో లాగి కట్టేశాక కూడా అది చాలాసేపు నిలబడదు.

రేసు రోజు గుర్తు చేసుకోండి. లౌడ్‌స్పీకర్ అరుపులు, కంచె పొడుగునా జనం, వీపు మీద ఎప్పుడూ లేనంత బిగుతుగా కూర్చున్న జాకీ, చివరికి ఆ ఇనుప గేటు. అందులో రెండు పక్కలా ఆనుకుని ఇనుప గోడలు, వెనక తలుపు మూసేస్తారు. ఈ చెమట అక్కడ పడితే రేసుకు కావాల్సిన ఓపిక గేటు తెరుచుకోకముందే సగం ఖర్చవుతుంది.

“నువ్వు దీన్నే సూస్తున్నవ్,” అంటాడు ట్రైనర్, కేటలాగు దుమ్ము దులిపి ఇస్తూ. “నేను అటు సూస్తున్న.”

రెండు గదుల అవతల ఒక ఎర్రగుర్రం నిలబడి ఉంది. చెస్ట్‌నట్ ఫిల్లీ, అంటే ఆడపిల్ల. దాన్ని కూడా అప్పుడే ఎవరో బయటికి తెప్పించారు. పట్టా ఫట్‌మన్నప్పుడు అదీ ఎగిరిపడిందట. నాలుగు కాళ్లూ వెడంగా పెట్టి ఆగి, చెవులు రెండూ ఆ నీలం పట్టా మీద నిలిపి, ఒక్కసారి బుస్సుమందట. తర్వాత తల దించి, నోరు నమిలి, సైస్ చొక్కా జేబు వాసన చూసిందట. ఇప్పుడూ అదే చేస్తోంది.

మీరు చూడలేదు. కోల్ట్‌నే చూస్తూ ఉండిపోయారు.

కేటలాగు తిప్పండి. ఫిల్లీ తండ్రి పేరు పెద్దగా వినిపించేది కాదు. పుట్టింది మే నెలలో. మన దేశంలో రేసుగుర్రాలన్నిటికీ పుట్టినరోజు జనవరి 1నే. జనవరిలో పుట్టినదీ, మేలో పుట్టినదీ కాగితం మీద ఒకే వయసు, ఒకే రేసుల్లో పరిగెత్తాలి. అందుకే ఇది కోల్ట్ పక్కన చిన్నపిల్లలా ఉంది. పక్కనుంచి చూడండి: మెడ మొదలుకన్నా తుంటి ఎత్తుగా ఉంది. వెనక భాగం ముందు పెరిగింది, ముందు భాగం ఇంకా అందుకోవాలి. ఎదుగుదల మిగిలే ఉంది.

ఈసారి మీరు మొహం చూడకుండా నేరుగా కిందికి చూస్తారు. మోకాళ్లు గీత మీద ఉన్నాయి. ఎదురుగా రండి. కుడి ముందుకాలు చీలమండ దగ్గర్నుంచి బయటికి తిరిగి ఉంది. స్పష్టంగా, చిన్నపిల్లాడు కూడా పట్టుకునేంతగా. మీ ముందు నిలబడ్డ ఇద్దరు అది చూసి, కేటలాగులో కొట్టేసుకుని పోతారు.

“నడిపించు భయ్యా.”

ఎదురుగా వస్తోంది. కుడి గిట్ట సూటిగా రావడం లేదు. లోపలికి ఒక వంపు తిరిగి, ఎడమ చీలమండను దాదాపు రాసుకుంటూ దాటి ముందుకు పడుతోంది. వేలెడు సందు. అలసిపోయినప్పుడు ఆ వేలెడు సందు ఉంటుందా? తగిలితే పుండు, గట్టిగా తగిలితే ఎముక. వంగండి. ఎడమకాలి లోపలి వైపు వెంట్రుకలు చూడండి. అరిగాయా, ఎక్కడైనా గీత, పొక్కు, నల్లబడ్డ చర్మం? బొటనవేలితో వెంట్రుకలకు ఎదురుగా నిమరండి. నిండుగా, మెత్తగా ఉన్నాయి. తగలడం లేదు, కనీసం ఇప్పటిదాకా.

1975లో అమెరికాలో ఒక కోల్ట్ 17,500 డాలర్లకే పోయింది. దానికీ కుడి ముందుకాలే ఇలా బయటికి తిరిగి ఉండేది. పేరు సియాటిల్ స్లూ. 1977లో, అప్పటిదాకా ఒక్క ఓటమి కూడా లేకుండా, అక్కడి మూడు పెద్ద రేసులూ గెలిచింది. ఈ మాట ట్రైనర్‌తో అనబోయి ఆగిపోతారు. ఆయన ఏమంటాడో మీకిప్పుడు తెలుసు.

ఫిల్లీ వెళ్లిన దారిలో దుమ్ము మెత్తగా ఉన్నచోట గుర్తులు పడ్డాయి. గొంతుక్కూర్చుని చూడండి. ముందు గిట్ట గుర్తు, దాని ముందు వెనక గిట్ట గుర్తు. మధ్యలో జాన పెట్టండి. జాన చాలదు, ఇంకో నాలుగు వేళ్లు పడతాయి. ఇంత చిన్న ఒంటికి ఇంత అంగ.

పదకొండున్నరకు పశువైద్యుడు వస్తాడు. ఫిల్లీ ముక్కులోంచి సన్నని గొట్టం లోపలికి పంపి, చిన్న తెర మీద గొంతు చూపిస్తాడు. గులాబీరంగు గది, అందులో రెండు రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఎడమ రెక్కనే చూడమంటాడు. దానికి వచ్చే నరం ఛాతీలోకి దిగి, గుండె దగ్గరున్న పెద్ద రక్తనాళాన్ని చుట్టి మళ్లీ పైకి వస్తుంది. అంత పొడుగు నరం చచ్చుబడితే ఆ రెక్క సరిగా తెరుచుకోదు. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కు ఒక్కటే దారి. పైగా దౌడులో ఒక్కో అంగకు ఒక్కో శ్వాసే. దారి ఇరుకైతే చివరి రెండు వందల మీటర్లలో గురక వినిపిస్తుంది, కాళ్లు ఆగిపోతాయి. తెర మీద రెండు రెక్కలూ సమానంగా విచ్చుకుంటున్నాయి. ఎక్స్‌రేల్లో మోకాళ్లు శుభ్రంగా ఉన్నాయి.

మరి గుండె? అది ఎవరికీ కనిపించదు. సెక్రటేరియట్ అనే అమెరికా గుర్రం 1989లో చనిపోయాక పరీక్షించిన వైద్యుడు దాని గుండె పది కిలోలు ఉంటుందని అంచనా కట్టాడు, మామూలుగా ఉండేదానికి రెట్టింపు పైనే. తూచి చూడలేదు, ఆయన అంచనా అంతే. కానీ బతికుండగా దాని ఛాతీ చూసి ఆ మాట చెప్పినవాడు లేడు. అటువైపు సంగతి కూడా ఉంది: 2006లో ఫ్లోరిడాలో రెండేళ్ల కోల్ట్ ఒకటి 9.8 సెకన్లలో రెండు వందల మీటర్లు పరిగెత్తి చూపించింది. కోటీ అరవై లక్షల డాలర్లకు కొన్నారు. ‘ది గ్రీన్ మంకీ’ దాని పేరు. మూడు రేసులు పరిగెత్తి ఒక్కటీ గెలవలేదు. దాన్ని చూసినవాళ్లు మనకన్నా తెలిసినవాళ్లే.

మధ్యాహ్నం. వేలం రింగు.

కోల్ట్ ముందు వస్తుంది. చెమట కడిగేశారు, మళ్లీ మెరుస్తోంది. ఇక్కడ గాలి లేదు, పట్టా లేదు. తల ఎత్తి, మెడ వంచి, రాజులా తిరుగుతోంది. ఉదయం అటు రానివాళ్లకు ఇదే గుర్రం. పాట నాలుగు లక్షల దగ్గర మొదలవుతుంది. అయిదు. ఆరు. ఎనిమిది. తొమ్మిది దగ్గర పాట నెమ్మదిస్తుంది. వేలం పాడేవాడి చూపు వరసల మీద తిరుగుతూ మీ దగ్గర ఆగుతుంది. మీ దగ్గర 12 ఉన్నాయి. మోకాలు వేలెడంత కూడా కాదు. పిల్లది కదా, నేర్చుకుంటుంది. చెయ్యి ఒడిలోంచి లేస్తోంది. పక్కన ట్రైనర్ ఏమీ అనడు. రింగు వైపు కూడా చూడడు, కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

మీరు ఆ చెయ్యి కేటలాగు మీద పెడతారు. అట్ట మీద అర్ధచంద్రాకారంలో గిట్ట అచ్చు ఉంది.

పది. పన్నెండు. పదిహేను. పద్దెనిమిదికి సుత్తి పడుతుంది.

తర్వాత ఇంకో నాలుగు గుర్రాలు. ఆ తర్వాత ఎర్ర ఫిల్లీ. రింగులోకి రాగానే ఆగి, జనాన్ని ఒకసారి అటు నుంచి ఇటు చూస్తుంది. చెవులు ముందుకి. తర్వాత నడుస్తుంది. ఎవరో పక్కవాడికి కుడికాలు చూపిస్తున్నారు. ఒకటిన్నర లక్ష. రెండు. పాట సాగడం లేదు. మీకు ఆశ పుడుతుంది. మూడు. అవతలి వరసలో టోపీ పెట్టుకున్నాయన వేలు ఎత్తుతాడు. నాలుగు. ఆయనా ఉదయం అక్కడే ఉన్నాడు. పట్టా కొట్టుకున్నప్పుడు ఆయన ఎటు చూశాడో?

మీరు చెయ్యెత్తుతారు. అయిదు.

ఆరు, టోపీ.

ఏడు.

ఏడున్నర.

ట్రైనర్ మీ చెవి దగ్గరికి వంగుతాడు. “తొమ్మిది దాటితే ఇడ్సిపెట్టు. అవతల ఖర్సులుంటయి.”

ఎనిమిది.

టోపీ ఆలోచిస్తోంది. పక్కవాడిని అడుగుతోంది. ఎనిమిదింబావు.

ఎనిమిదిన్నర. మీ గొంతు మీకే కొత్తగా ఉంది.

వేలం పాడేవాడు టోపీ వైపు చూస్తాడు. ఒకటి. టోపీ తల దించుకుంది. రెండు. గుర్రం ఆగి నేల వాసన చూస్తోంది. ఎవరూ కదలరు.

సుత్తి.

ఎవరో కాగితం తెచ్చి సంతకం పెట్టమంటారు. వేలాల్లో మామూలుగా సుత్తి పడ్డ క్షణం నుంచే గుర్రం మంచిచెడ్డలు కొన్నవాడివి. గదికి తీసుకెళ్తుంటే కాలు జారినా అది మీ కాలే. అందుకే ట్రైనర్ మీకన్నా ముందు బీమా మనిషికి ఫోన్ చేస్తున్నాడు. మీ ఫోన్ మోగుతుంది. హైదరాబాద్ నుంచి స్నేహితుడు.

“కొన్నావా? ఆ నల్లజూలుదేనా?”

“కాదు, ఎర్రది. ఆడపిల్ల. ఎనిమిదిన్నర.”

“కాళ్లెలా ఉన్నాయి?”

“కుడికాలు కొంచెం బయటికి తిరిగింది.”

అవతల నుంచి వచ్చిన అరుపు ట్రైనర్‌కి కూడా వినిపిస్తుంది. ఆయన చెయ్యి చాచి ఫోన్ తీసుకుంటాడు. “మిగిలిన మూడున్నర లక్షలు ముట్టొద్దుండ్రి,” అంటాడు. “దాణా, సైస్, నాలలు, డాక్టరు. గెల్సినా తింటది, ఓడినా తింటది. చలికాలం దాంక రేసు మాట ఎత్తొద్దు. ముందుగాల జీను అలవాటు గావాలె, గేటు అలవాటు గావాలె. దాని మోకాళ్లు ముదరాలె.” ఫోన్ తిరిగి మీ చేతిలో పెట్టి, గుర్రాల లారీల వైపు దారి తీస్తాడు. ఒక డ్రైవర్ హైదరాబాద్‌కి రేటు చెబుతున్నాడు. చాలా ఎక్కువ చెబుతున్నాడు. మీరు బేరానికి దిగుతారు.